రెండవ కంప్యూటరు: బరువా, తెరయా?

కొలది కాలముగా మనవారి ఇండ్లలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. దుకాణమునందో, ఇంటిలో ఒక మూల బల్లమీదనో ఒక కంప్యూటరు ఇదివరకే యున్నది. ఇప్పుడు రెండవది కావలసి వచ్చినది. పిల్లలలో ఒకరు పై చదువునకు వేరొక ఊరు పోవుచుండుటయో, యజమాని సరకు కొనుగోలునకు నెలకు రెండు మార్లు రైలెక్కుటయో, దుకాణము మూసిన పిదప లెక్కలు ఇంటికి తెచ్చుకొనుటయో దానికి కారణము. మొదటిదానిని కొన్నప్పుడు ఎవరును అంతగా తర్కింపలేదు. రెండవదానిని కొనబోవునప్పటికి ఇల్లు రెండు పక్షములగుచున్నది. తేలికగా నుండవలెనని ఒక పక్షము, తెర బాగుండవలెనని మరియొక పక్షము.

ఈ వివాదమున నన్ను మధ్యవర్తిగా పిలిచిన మిత్రులు కొందరున్నారు. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఇరువది యేండ్లకు పైగా బరంపురములో చీరల వ్యాపారము చేసికొనుచున్నవాడను. కాని తూకము, వెల, సరకు నాణ్యము, ఈ మూటిని సరిచూచుకొనుట మా వృత్తి. ఆ కంటితోనే ఈ సంగతిని పరిశీలించి, చేతి సొమ్ము పోగొట్టుకొని నేర్చినదానిని ఇచ్చట మనవి చేయుచున్నాను.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పెదను. బరువునకును తెర నాణ్యమునకును నిజముగా వైరము లేదు. బరువుతో పేచీ పడునది తెర పరిమాణము. నాణ్యముతో పేచీ పడునది వెల. ఈ రెండు తగవులను ఒకటిగా కలిపివేయుటచేతనే మనము అక్కరకురాని సరకు ఇంటికి తెచ్చుకొనుచున్నాము. రెండవ కంప్యూటరునందు తగ్గించుకొనదగినది తెర పరిమాణము. తగ్గించుకొనరానిది తెర నాణ్యము.

నేను చేసిన పొరపాట్లు

రెండవ కంప్యూటరును మూడు మార్లు కొన్నవాడను నేను. దుకాణమున బిల్లులు వ్రాయు యంత్రము బల్లను విడిచి కదలదు. అందుచేత 2017లో ఇంటికొక ల్యాప్‌టాప్ కొంటిని. పెద్ద తెర యైనచో ఇంటిల్లిపాదికి ఉపయోగపడునని తలచి 15.6 అంగుళములది తీసికొంటిని. దుకాణపు త్రాసులో పెట్టి చూడగా 2.2 కిలోలు తూగినది. ఛార్జరు మరి నాలుగు వందల గ్రాములు. దానిని రైలు ప్రయాణములకు రెండు మార్లు తీసికొనిపోయితిని. మూడవ మారు ఇంటనే విడిచిపోయితిని.

ఇంటనున్నప్పుడైనను అది చేసిన మేలు కొద్ది. మా తల్లిగారు తెలుగు వార్తలు చదువుటకు దాని యెదుట కూర్చుండిరి. పది నిమిషములలో కండ్లజోడు తీసి తుడుచుకొని, "అక్షరాలు అలికినట్టున్నాయిరా. నాకు కాగితమే తెచ్చిపెట్టు" అనిరి. దోషము ఆమె కంటిదని తలచి వైద్యునికి చూపించితిమి. ఆమె కంటిలో క్రొత్త దోషమేదియు లేదు. దోషము తెరలో నున్నదని నాకు తెలియుటకు మరి రెండేండ్లు పట్టినది.

2019లో దీనికి విరుద్ధమైన పొరపాటు చేసితిని. మోయలేని యంత్రముతో విసిగి, 11.6 అంగుళముల చిన్న యంత్రమును కొంటిని. బరువు కిలోకు కొంచెము పైన. చేతిసంచిలో పెట్టినచో ఉన్నట్లే తెలియదు. మిక్కిలి సంతోషించితిని. ఆ సంతోషము ఒక పెండ్లి ముహూర్తము వరకే నిలిచినది. పెండ్లివారు మిరపపండు రంగు చీరలు కావలెనని కోరిరి. నేతగాడు నమూనా చిత్రములు పంపెను. రైలులో కూర్చుండి వానిని ఈ చిన్న తెరమీద చూచితిని. ఎరుపు వెలవెలపోయి ఇటుక రంగువలె కనబడెను. ఇంకను కాంతివంతమైనది కావలెనని వ్రాసితిని. అతడు మరియొకటి పంపెను. అదియు చాలలేదంటిని. మూడవదానికి ఒప్పుకొంటిని. సరకు వచ్చి విప్పి చూడగా కండ్లు చెదరునంతటి ఎరుపు. పెండ్లివారు త్రిప్పివేసిరి. ఇరువది నాలుగు చీరలు. వానిని తగ్గింపు వెలకు అమ్ముకొనుటకు సంవత్సరము పట్టినది.

నేతగాని తప్పు లేదు. ఫోను కెమెరా రంగును కొంత మార్చియుండవచ్చును. కాని అతడు పంపిన మొదటి చిత్రమునే తరువాత మంచి తెరమీద చూచినప్పుడు, అదియే పెండ్లివారు కోరిన రంగు. తేలికయని మురిసి కొన్న ఆ యంత్రము అటుపిమ్మట బీరువా చేరినది.

ఈ రెండు అనుభవములలో ఒక విశేషమున్నది. పెద్ద యంత్రము బరువైనది, తెరయు మంచిది కాదు. చిన్న యంత్రము తేలికైనది, తెరయు మంచిది కాదు. అనగా బరువు మోసినందుకు ప్రతిఫలముగా మంచి తెర దానంతట రాదు. పెద్ద తెర వేరు, మంచి తెర వేరు. దీనిని గ్రహింపకయే రెండు మార్లు సొమ్ము చెల్లించితిని.

తేలికదనమును కోరువారి వాదము

ఈ పక్షమువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. మా అమ్మాయి విశాఖపట్టణములో కళాశాలలో చేరునప్పుడు, ఇంటనున్న పెద్ద యంత్రమునే తీసికొనిపొమ్మని చెప్పితిని. రెండు కిలోలు పెద్ద బరువా యని వాదించితిని. అప్పుడామె, "నాన్నగారూ, మీరు యంత్రాన్ని తూస్తున్నారు. నేను మోసేది సంచిని" అన్నది. తన సంచిని తెచ్చి త్రాసులో పెట్టినది. యంత్రము 2.2 కిలోలు, ఛార్జరు 0.4, లీటరు నీళ్లసీసా ఒక కిలోకు పైన, పుస్తకములు ఒకటిన్నర. మొత్తము అయిదు కిలోలు దాటినది. ఆ సంచితో బస్సులో నిలుచుండవలెను, మూడంతస్తులు ఎక్కవలెను. నేను మారు పలుకలేదు.

వెంట తీసికొనిపోని యంత్రము ఉన్నను లేనట్లే. బరువునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటినచో మనిషి దానిని ఇంట విడుచుట మొదలుపెట్టును. అప్పుడు తెర యెంత గొప్పదైనను, దానిని చూచు గంటలు సున్న. ఆ హద్దు ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతిగా నుండును. నిత్యము మోయువారికి యంత్రమొక్కటే ఒకటిన్నర కిలోలు మించకుండుట మేలని నా అనుభవము.

అయితే హద్దునకు దిగువన ఇంకను తగ్గించుకొనుచు పోవుటలో లాభము అంతగా లేదు. ఒకటిన్నర కిలోలకును, ఒకటింపాతిక కిలోలకును ఉన్న భేదము ఎంత? లీటరు నీళ్లసీసాలో నాలుగవ వంతు త్రాగినచో ఆ భేదము తీరిపోవును. ఆ పావుకిలో కొరకు కంటికి శ్రమ తెచ్చుకొనుట వివేకము కాదు.

తెరను కోరువారి వాదము

తెర నాణ్యమనగా ఒక గుణము కాదు. అది నాలుగు గుణముల కూడిక. అక్షర స్పష్టత, రంగు, వెలుగు, ప్రక్కనుండి చూచినను మారకుండుట. వీనిలో మొదటిది తెలుగు చదువువారికి మిక్కిలి ముఖ్యము.

తెరమీది బొమ్మ సన్నని చుక్కలచే ఏర్పడును. వీనినే పిక్సెళ్లందురు. నేను 2017లో కొన్న యంత్రము తెర అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలది. 15.6 అంగుళముల తెరపై ఇది అంగుళమునకు నూరు చుక్కలు, అనగా మిల్లీమీటరునకు నాలుగు. నాలుగు మిల్లీమీటర్ల యెత్తులో ఒక అక్షరమును వ్రాయుటకు పదునారు చుక్కలు దొరకును. ఆంగ్లాక్షరమునకు అవి చాలవచ్చును. మన అక్షరమున తలకట్టు గాని గుడి గాని పైన, అక్షరము నడుమ, ఒత్తు క్రింద, అన్నియు ఆ పదునారింటిలోనే ఇమిడిపోవలెను. ఒత్తునకు కొన్ని చుక్కలే మిగులును.

ఉదాహరణమునకు అర్థము, అర్ధము అను మాటలను చూడుడు. మొదటిదానికి భావమనియు, ధనమనియు చెప్పుదురు. రెండవది సగము. రెంటికిని భేదము ర కింద నున్న చిన్న ఒత్తులో ఒక చుక్క మాత్రమే. ముతక తెరమీద ఆ చుక్క అలికిపోవును. ధనమునకును సగమునకును భేదము తెలియని తెరను ఏ వర్తకుడు కోరును? మా తల్లిగారు అలికినట్టున్నదని చెప్పినది దీనినే.

అదే నాలుగు మిల్లీమీటర్ల అక్షరము, 14 అంగుళముల తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1200 చుక్కలున్నచో, ఇంచుమించు ఇరువది యైదు చుక్కల యెత్తున ఏర్పడును. అప్పుడు ఒత్తులోని చుక్క తన చోట తాను నిలుచును. ఇట్టి తెరలలో మామూలుగా అక్షరములు మిక్కిలి చిన్నవిగా కనబడునని భయపడనక్కరలేదు. అక్షర పరిమాణమును 125 శాతమునకు గాని, 150 శాతమునకు గాని పెంచుకొను వీలు యంత్రమునందే కలదు.

రంగు విషయము నా చీరల కథవలన తెలిసినదే. తెర చూపగల రంగుల కొలతకు ఎస్.ఆర్.జి.బి. యను ప్రమాణమొకటి కలదు. దీనిని 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రూపొందించినవి. చవుక యంత్రముల వివరపత్రములో 45 శాతము ఎన్.టి.ఎస్.సి. యని వ్రాసియుండును. అది పాత టెలివిజను ప్రమాణము. దానిని ఈ లెక్కకు మార్చినచో ఎస్.ఆర్.జి.బి.లో మూడింట రెండు వంతులకు కొంచెము తక్కువ. అనగా గాఢమైన ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోయి కనబడును. 72 శాతము ఎన్.టి.ఎస్.సి. యనియో, నూరు శాతము ఎస్.ఆర్.జి.బి. యనియో యున్నచో రంగులు దాదాపు సరిగా నుండును. బట్టలు, నగలు, అచ్చుపని చేయువారు ఈ ఒక్క అంకెను తప్పక చూడవలెను. లెక్కలు మాత్రమే వ్రాసికొనువారికి ఇది అంత ముఖ్యము కాదు.

వెలుగును నిట్లలో కొలుతురు. చవుక తెరలకు 250 నిట్లు ఉండుట వాడుక. గదిలో దీపము క్రింద అవి చాలును. రైలు కిటికీ ప్రక్కన చాలవు. 300కు తక్కువ లేకుండ చూచుకొనవలెను. 400 ఉన్నచో ప్రయాణములకు మేలు. ప్రక్కనుండి చూచినను రంగు మారకుండుట ఐ.పి.ఎస్. రకపు తెరలకు గల గుణము. టి.ఎన్. అను పాత రకపు తెరను కొంచెము వంచినచో నల్లనిది తెల్లబడును, తెల్లనిది మసకబారును. ఒక యంత్రమును తల్లియు పిల్లలును ప్రక్కప్రక్కన కూర్చుండి చూచు ఇండ్లకు ఇట్టి తెర తగదు.

పూర్వము ఏమి జరిగినది?

ఈ తగవు మన ఇండ్లలోనే పుట్టినది కాదు. ఎత్తుకొనిపోదగిన కంప్యూటరు పుట్టిననాటినుండియు ఉన్నది. 1981లో అమెరికాలో ఆస్బోర్న్ 1 అను యంత్రము వెలువడినది. దాని బరువు ఇంచుమించు 11 కిలోలు, తెర అయిదు అంగుళములు. ఒక వరుసకు 52 అక్షరములు మాత్రమే పట్టెడివి. అంత మోసియు అంత తక్కువ చూడవలసి వచ్చెడిది. 1989లో ఆపిల్ సంస్థవారు మాకింటాష్ పోర్టబుల్ తెచ్చిరి. దాని తెర ఆ కాలమునకు మిక్కిలి స్పష్టమైనది. కాని బరువు ఏడు కిలోలు దాటినది. కొనువారు కరవైరి. 1991లో అదే సంస్థవారి పవర్‌బుక్ 100 రెండు కిలోల మూడు వందల గ్రాములతో వచ్చినది. పవర్‌బుక్ యంత్రములను జనులు ఆదరించిరి.

దీనికి ఎదురు ఉదాహరణము 2007లో ఆసుస్ సంస్థవారు తెచ్చిన ఈ పీసీ. బరువు కిలో లోపు, వెల చవుక, తెర ఏడు అంగుళములు, చుక్కలు అడ్డముగా 800, నిలువుగా 480. మొదట విరివిగా అమ్ముడుపోయినది. దానిని చూచి అనేక సంస్థలు అట్టివానినే చేసినవి. కాని ఆ తెరలో ఒక పుట నిండుగా పట్టెడిది కాదు. కొలది యేండ్లలోనే, టాబ్లెట్లు వచ్చిన పిదప, ఆ జాతి యంత్రములు అంగడినుండి తప్పుకొన్నవి. బరువు మితిమీరినదానిని లోకము మోయలేదు. తెర మరీ కుదించినదానిని లోకము చాలకాలము చూడలేదు.

నేను చెప్పిన మాటకు గట్టి సాక్ష్యము 2012లో దొరకును. ఆ సంవత్సరమున ఆపిల్ సంస్థవారు 15 అంగుళముల మాక్‌బుక్ ప్రో యంత్రములను రెండు విధములుగా అమ్మిరి. పాత విధము తెర అడ్డముగా 1440, నిలువుగా 900 చుక్కలది. క్రొత్తదానికి 2880, 1800. అనగా చుక్కలు నాలుగింతలు. బరువు పెరిగినదా? లేదు. పాతది రెండున్నర కిలోలు, క్రొత్తది రెండు కిలోలు. డిస్కు తిప్పు పెట్టెను, ఇతర భాగములను తీసివేయుటచే అరకిలో తగ్గినది. పెరిగినది వెల. పాతది 1799 డాలర్లనుండియు, క్రొత్తది 2199 డాలర్లనుండియు లభించెడిది. మంచి తెరకు బరువుండదు, వెల యుండును.

పెద్ద తెరకు మాత్రము బరువు కలదు. దానిని కూడ తగ్గింపవచ్చును. ఎల్.జి. గ్రామ్ 17 అంగుళముల యంత్రము ఒకటింపావు కిలోలకు కొంచెము పైన, ఒకటిన్నరకు లోపుగనే తూగును. కాని అట్టి యంత్రముల వెల మన మధ్యతరగతి ఇండ్లకు అందుబాటులో నుండదు. కావున మనవారికి తెర పరిమాణము తగ్గించుకొనుటయే దారి.

గంటల లెక్క

వర్తకులు నా మాటను లెక్కలో చూడగోరుదురు. ఒక విద్యార్థిని రోజునకు రాకపోకలు కలిపి అరగంట యంత్రమును మోయుననుకొందము. వారమునకు ఆరు దినములు, మూడు గంటలు. దాని యెదుట కూర్చుండునది రోజునకు నాలుగు గంటలైనచో వారమునకు ఇరువది నాలుగు. మోయు గంట ఒకటికి చూచు గంటలు ఎనిమిది. భుజము నొప్పి విశ్రాంతితో తీరును. ముతక తెరను చూచు శ్రమయు విశ్రాంతితో తగ్గును గాని, ఆ తెర యున్నన్నాళ్లు మరల మరల కలుగుచునే యుండును. పైగా సంచి బరువును తగ్గించు ఉపాయములు అనేకములు. ఒక పుస్తకము తీసివేయవచ్చును. ఫోనుకును యంత్రమునకును పనికివచ్చు టైప్-సి ఛార్జరు నొక్కదానినే తీసికొనిపోవచ్చును. కొనివచ్చిన ల్యాప్‌టాప్ తెరను మాత్రము తరువాత బాగుచేసికొందమనుకొనుట వట్టి ఆశ.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. ఇంట బల్లమీద వేరొక పెద్ద తెరను తగిలించుకొనవచ్చును గదా, ల్యాప్‌టాప్ తెర ఎట్లున్ననేమి యని. ఇందులో సగము నిజమున్నది. 24 అంగుళముల మానిటరు పదివేల రూపాయల ప్రాంతమున దొరకుచున్నది. దానిని కొంత దూరమునుండి చూతుము గనుక లెక్కల పట్టికలకు హాయిగా నుండును. నేనును ఇంట నొకటి పెట్టుకొంటిని. పరిమాణపు లోటు దీనితో తీరినది. కాని రెండవ కంప్యూటరును కొనునదే బల్ల లేని చోట్ల కొరకు. రైలులో, వసతిగృహమున, నేతగాని ఇంటి అరుగుమీద మానిటరు వెంటరాదు. అచ్చట చూడవలసినది ల్యాప్‌టాప్ తెరనే. కావున మానిటరు పరిమాణమునకు బదులు కాగలదు, నాణ్యమునకు బదులు కాలేదు.

సొమ్ము ఎక్కడ మిగుల్చుకొనవలెను?

మంచి తెరకు వెల యధికమని నేనే చెప్పితిని. ఆ అధికమును ఎక్కడనుండి తేవలెను? అంగడివారు మొదట పొగడునది ప్రాసెసరు వేగమును. ఖాతాలు, ఉత్తరములు, పాఠములు, చిత్రములు చూచుట, వీనికి అందరికంటె వేగమైన ప్రాసెసరు అక్కరలేదు. ఒక మెట్టు దిగువది చాలును. ఆటలకు ఉద్దేశించిన ప్రత్యేక గ్రాఫిక్సు కార్డు అసలే వలదు. అది యున్న యంత్రమునకు వేడి తగ్గించు ఫ్యాన్లు పెద్దవి, బ్యాటరీ పెద్దది, ఛార్జరు పెద్దది. దానిని మానుకొన్నచో వెలయు తగ్గును, బరువును తగ్గును. ఆ మిగిలిన సొమ్మును తెరమీద పెట్టుడు.

తెరలో కూడ అత్యాశ పనికిరాదు. 14 అంగుళములకు 2880 చుక్కల వెడల్పుగల తెరలు వచ్చుచున్నవి. చూచుటకు అందముగా నుండును. కాని చుక్కలు పెరిగినకొలది బ్యాటరీ త్వరగా తరుగును. ఓ.ఎల్.ఇ.డి. తెరలలో నలుపు మిక్కిలి గాఢముగా, రంగులు నిండుగా కనబడును. అయితే వానిలో చాలవరకు అద్దమువలె మెరయుచు కిటికీ వెలుగును మన ముఖముననే త్రిప్పికొట్టును. తెల్లని పుటలు చదువునప్పుడు విద్యుత్తును ఎక్కువగా వాడుకొనును. బ్యాటరీ తరిగినచో ఛార్జరు మోయవలెను. తగ్గించిన బరువు మరియొక దారిని సంచిలో చేరును.

కొనునప్పుడు చూడవలసినవి

నా మాట వినువారికి ఈ కొలతలు చెప్పుదును. తెర 13 లేక 14 అంగుళములు. చుక్కలు 1920కి 1080 కంటె తక్కువ కారాదు. 1200 ఉన్నచో లెక్కల పట్టికలో కొన్ని వరుసలు అదనముగా కనబడును. ఐ.పి.ఎస్. రకము. వెలుగు 300 నిట్లకు తగ్గరాదు. రంగుల వ్యాపారమైనచో నూరు శాతము ఎస్.ఆర్.జి.బి. ఈ కనీసమును దాటిన యంత్రములనే ఒక వరుసలో పెట్టి, వానిలో తేలికైనదానిని ఎన్నుకొనుడు. మొదట తెరతో జల్లెడ పట్టుడు, తరువాత త్రాసులో తూచుడు. ఈ వరుసను తారుమారు చేయకుడు.

అంగడికి పోవునప్పుడు ఒక తెలుగు పుటను ఫోనులో గాని పెన్‌డ్రైవులో గాని తీసికొనిపొండు. దానిని మామూలు పరిమాణమున తెరిచి, రెండడుగుల దూరమునుండి థ, ధ భేదము తెలియుచున్నదేమో చూడుడు. తెరను ముందునకు వెనుకకు వంచి చూడుడు. ద్వారము దగ్గరకు తీసికొనిపోయి వెలుగులో చూడుడు. పట్టువర్తకులు ఒక చీర కొంగును చేతిలో పట్టుకొనిపోయి, దాని చిత్రమును తెరపై ప్రక్కన నిలిపి పోల్చుటకు సిగ్గుపడనక్కరలేదు. ఛార్జరుతో సహా యంత్రమును మీ సంచిలోనే పెట్టించి, భుజమునకు తగిలించుకొని నాలుగడుగులు నడువుడు.

ఒక హెచ్చరిక. ఒకే పేరుగల యంత్రమును వేర్వేరు తెరలతో అమ్ముట కలదు. పత్రికలో పొగడబడినది ఒక తెర, అంగడిలో చేతికి వచ్చునది మరియొక తెర కావచ్చును. పేరును మాత్రమే నమ్మక, పూర్తి మోడల్ సంఖ్యను వ్రాసికొని, ఆ సంఖ్యకు ఎదురుగ వ్రాసిన తెర వివరమును చదివి, బిల్లుమీద అదే సంఖ్య యుండునట్లు చూచుకొనుడు. వాడిన యంత్రమును కొనువారు దీనిని మరింత శ్రద్ధతో చూడవలెను. పాతవానిలో 1366 చుక్కల తెరలు ఇంకను చాల తిరుగుచున్నవి.

ఈ నియమము అందరికి ఒకే తీరున వర్తింపదు. యంత్రము గడప దాటని ఇంటిలో బరువు ప్రశ్నయే లేదు; వారు మంచి 15.6 అంగుళముల తెరనే తీసికొనవచ్చును. దినమంతయు ఊరూర తిరుగుచు, యంత్రమును కొలది నిమిషములు మాత్రమే తెరచువారు ఇంకను తేలికైనదానికి పోవచ్చును. తక్కిన మనబోంట్లకు మధ్యేమార్గమే క్షేమము.

నా మూడవ కొనుగోలు 2023లో జరిగినది. 14 అంగుళములు, 1920కి 1200 చుక్కలు, బరువు ఒక కిలో నాలుగు వందల గ్రాములు. ప్రాసెసరు ఒక మెట్టు దిగువది. అమ్మాయి దానిని విశాఖపట్టణమునకు తీసికొనిపోవుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు నేతగాండ్రు పంపిన చిత్రములను దానిమీదనే చూచి ఒప్పుకొనుచున్నాను. లోపము లేదనను. పొడవైన ఖాతా పట్టిక అందులో ఇరుకుగానే యుండును. కాని మా తల్లిగారు దానియెదుట కూర్చుండి గంటసేపు చదువుచున్నారు. కాగితము తెమ్మని అడుగలేదు.

మొదటి రెండు యంత్రములకు పెట్టిన సొమ్మును, ఆ ఇరువది నాలుగు చీరల నష్టమును కలిపి లెక్కించినచో, మొదటనే తగిన తెరకు అధికముగా చెల్లింపవలసిన సొమ్ము దానిముందు స్వల్పము. చవుకగా కొన్నానని నేననుకొన్నదే మా ఇంట అన్నిటికంటె ప్రియమైనది. ఈ సంవత్సరము రెండవ కంప్యూటరు కొనదలచిన మిత్రులు నావలె మూడు మార్లు కొనక, ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి, ఎవరు మోయుదురు, ఎవరు చూతురు, ఎన్ని గంటలు, అను మూడు ప్రశ్నలకు ముందు సమాధానము వ్రాసికొని, పిమ్మట అంగడికి పోవుదురు గాక యని కోరుచున్నాను.